హర్రీనా, రష్షా, హేస్టా: ఏది ఎక్కడ?

ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: ‘ఇన్ ఎ హర్రీ’, ‘ఇన్ ఎ రష్’, ‘ఇన్ హేస్ట్’ మూడూ తొందరే కదా, ఏదో ఒకటి వాడేస్తే పోదా? నిఘంటువులో మూడూ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి. తేడా పట్టుకోవాలంటే మాత్రం తెలుగే దారి చూపిస్తుంది. మనకు తొందర వేరు, తొందరపాటు వేరు.

బస్సు టైమ్ అయిపోతోంది. చెప్పులు వేసుకుంటుంటే పక్కింటావిడ మాట కలిపింది. ‘కాస్త తొందరలో ఉన్నానండీ’ అంటాం. అందులో తప్పేమీ లేదు, టైమ్ లేదంతే. అది ‘ఐయామ్ ఇన్ ఎ హర్రీ’. అక్కడ హేస్ట్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టేయడం, కోపంలో ఉద్యోగం మానేయడం, ఇలాంటి వాటికి ‘ఇన్ హేస్ట్’ సరిపోతుంది. తొందరపడి పెళ్లి చేసుకుంటే తీరిగ్గా బాధపడాలనే ఇంగ్లీష్ సామెతలో ఉన్నదీ హేస్టే.

మొన్న నేనే ఒక ఫారంలో ఖాతా నంబరు రెండంకెలు తారుమారు చేసి పంపాను. సారీ చెబుతూ రాసిన మెయిల్లో ముందు ‘ఇన్ ఎ హర్రీ’ అని పెట్టాను. మళ్లీ చదివితే, టైమ్ లేక అలా అయిందని సాకు చెప్పినట్టుంది. హర్రీ తీసి హేస్ట్ పెట్టాక తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు అనిపించింది. అలా మార్చేటప్పుడు ముందున్న ‘ఎ’ కూడా తీసేయాలి. హర్రీకి, రష్‌కి అది ఉండి తీరాలి, హేస్ట్‌కి ఉండకూడదు. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి ‘ఐయామ్ ఇన్ హర్రీ’ అనేది మన నోట ఇట్టే వచ్చేస్తుంది.

మాట్లాడేటప్పుడు నా ఓటు హర్రీకే. రష్ మన హడావిడి లాంటిది, హర్రీ బదులు వాడినా ఇబ్బంది లేదు. కాకపోతే ‘హుటాహుటిన ఆసుపత్రికి తరలించారు’ అనాలంటే ‘రష్డ్ టు హాస్పిటల్’ అనాల్సిందే.

ఇక ఉన్నట్టుండి కదలడం సంగతి. ‘దిగ్గున లేచాడు’కి ‘సడన్లీ స్టుడ్ అప్’ తప్పు కాదు గానీ, ఆ విసురు రాదు. ‘జంప్డ్ టు హిజ్ ఫీట్’ అంటే వస్తుంది. ఒక్క పరుగున తలుపు దగ్గరికి వెళ్తే ‘మేడ్ ఎ డాష్ ఫర్ ద డోర్’. ఇందులోనూ ‘ఎ’ మరిచిపోవద్దు.