మూడేళ్ల సోలార్: అమ్మినవారి లెక్క, నా బిల్లుల లెక్క

మిర్యాలగూడలోని మా డాబా మీద 2022 చివర్లో 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాను. నెట్ మీటరు (మనం వాడిన యూనిట్లలోంచి ప్యానెళ్లు ఇచ్చినవి తీసివేసి బిల్లు వేయడానికి పెట్టేది) బిగించి లెక్క మొదలైంది మాత్రం 2023 జనవరిలో. ఎత్తైన స్టాండుతో కలిపి 1,95,000 రూపాయలు ఖర్చు కాగా, అప్పటి కేంద్ర సబ్సిడీ కిలోవాట్‌కు 14,588 చొప్పున 43,764 రూపాయలు ఖాతాలో పడింది. అంటే నేను నిజంగా పెట్టిన పెట్టుబడి 1,51,236 రూపాయలు.

అమ్మడానికి వచ్చినవారు కాగితం మీద వేసి చూపిన లెక్క చాలా సులువైనది. కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు, ఏడాదికి 4,380 యూనిట్లు, యూనిట్ ధర 9.50 రూపాయలు, కాబట్టి ఏడాదికి 41,610 రూపాయలు మిగులుతాయని, మూడున్నరేళ్లు దాటేసరికి పెట్టుబడి వెనక్కి వస్తుందని చెప్పారు. యూనిట్ల విషయంలో వారు పెద్దగా అతిశయోక్తి చెప్పలేదు, ఎందుకంటే తొలి ఏడాది మాకు 4,080 యూనిట్లు వచ్చాయి. లెక్క తప్పింది ధర దగ్గర.

మన బిల్లులో ప్రతి యూనిట్‌కూ ఒకే ధర ఉండదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి తొలి 200 యూనిట్లకు 5.10, ఆపై 300 దాకా 7.70, 400 దాకా 9.00, 800 దాకా 9.50 రూపాయలు పడుతుంది. 100 దాటి 200 లోపు ఉంటే తొలి వందకు 3.40, రెండో వందకు 4.80 మాత్రమే. సోలార్ యూనిట్ మొదట అన్నింటికంటే ఖరీదైన పై శ్లాబును కోస్తుంది, తరువాత కిందికి దిగుతుంది, 200 గీత దాటి లోపలికి వచ్చిందంటే మిగిలిన యూనిట్ల ధర కూడా తగ్గిపోతుంది.

మా ఏప్రిల్ నెల లెక్క చూడండి. వాడకం 520 యూనిట్లు, సోలార్ లేకపోతే 3,830 రూపాయలు. ప్యానెళ్లు 390 యూనిట్లు ఇచ్చాయి కనుక మిగిలిన 130 యూనిట్లకు పడింది 484 రూపాయలే. యూనిట్‌కు 8.58 రూపాయలు దక్కినట్టు. అదే జనవరిలో మా వాడకం 230 యూనిట్లు, దాని ఖరీదు 1,251 రూపాయలు, ఉత్పత్తి 320. తొంభై యూనిట్లు మిగిలాయి, కానీ మిగులుకు దక్కే విలువ పై శ్లాబు ధర కాదు, అంతకంటే చాలా తక్కువ. ఆ మిగులుకు దక్కేదాన్ని పక్కన పెడితే, జనవరిలో ఉత్పత్తైన 320 యూనిట్లలో ఒక్కోదానికి నాలుగు రూపాయలు కూడా పడలేదు. పైగా స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ సోలార్ ఉన్నా కట్టవలసిందే. ఇలా మూడేళ్ల బిల్లులను నెలనెలా సరిపోల్చి చూస్తే ఏడాదికి సగటున 25,400 రూపాయలు మిగిలినట్టు తేలింది.

ఇందులో ఒక దిద్దుబాటు ఉంది. సోలార్ వచ్చాక మా ఇంట్లో పగటి ఏసీ అలవాటైంది. “ఎండకు ఊరికే వచ్చే కరెంటే కదా” అని మా ఆవిడ వాదన, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే ఆ అదనపు యూనిట్లను పొదుపుగా రాసుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. అందుకే పాత వాడకాన్నే ఆధారంగా తీసుకున్నాను. డాబా మీద నీడపడి కింది గది కొంత చల్లబడిన మాట నిజమే గాని, దానికి వెల కట్టలేదు.

ఇక ఊరి సంగతి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక బూడిద గాలికి వచ్చి ప్యానెళ్ల మీద సన్నటి పొరలా కూర్చుంటుంది. వానాకాలంలో దానంతటదే కొట్టుకుపోతుంది, డిసెంబరు నుంచి మే దాకా మాత్రం పదిహేను రోజులకొకసారి కడగాలి. మొదట బోరు నీళ్లతో కడిగించాను. మా ప్రాంతపు చవుడు నీళ్లు ఆరాక అద్దం మీద తెల్లటి మరకలు మిగిల్చాయి, వాటిని వదిలించడం బూడిద కంటే కష్టమైంది. ఇప్పుడు తెల్లవారుజామున నల్లా నీళ్లతో కడిగిస్తున్నాను. 2024లో కోతులు ఒక వైరును కొరికినందువల్ల కూడా కొన్ని రోజులు ఉత్పత్తి పోయింది, ఆ ఏడాది మొత్తం 3,910 యూనిట్ల దగ్గర ఆగింది. కడిగే కూలి, చిన్న రిపేర్లు కలిపి ఏటా 1,800 అవుతోంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనుకునేవారు మే నెల చూడాలి: ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది, అందుకే మాకు మే కంటే ఏప్రిల్‌లోనే ఎక్కువ వచ్చింది.

ఖర్చులు పోను ఏటా నికరంగా 23,600 రూపాయలు. అంటే పెట్టుబడి వెనక్కి రావడానికి ఆరేళ్ల ఐదు నెలలు. బ్యాంకులో 7 శాతానికి వేసి ఉంటే ఏటా 10,586 వడ్డీ వచ్చేది, అసలు అలాగే ఉండేది. సోలార్‌లో అసలు సొమ్ము మిగలదు, ప్యానెళ్లతో పాటే అరిగిపోతుంది. ఈ తేడా మరచి 23,600ను వడ్డీతో పోల్చడం తప్పు. ఇరవై ఏళ్లు పనిచేస్తుందని, ఏటా 0.7 శాతం ఉత్పత్తి తగ్గుతుందని, పదో ఏట సోలార్ ఇన్వర్టర్‌కు (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) 35,000 పెట్టాలని, కరెంటు ధర పెరగదని పట్టుకుంటే నాకు వచ్చే రాబడి ఏటా సుమారు పన్నెండున్నర శాతం. బిల్లులో ఆదా అయిన డబ్బుకు ఆదాయపు పన్ను లేదు, వడ్డీకి ఉంది. చెడ్డ బేరం కాదు, చెప్పినంత గొప్పదీ కాదు.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు సబ్సిడీ 78,000. అదే ఖరీదుకు ఇప్పుడు పెట్టించేవారికి అయిదేళ్లకే డబ్బు తిరిగి వస్తుంది. కానీ వాడకం 200 యూనిట్ల లోపు ఉండి తెలంగాణ ప్రభుత్వపు గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వస్తున్న ఇంటికి ఎంత సబ్సిడీ ఇచ్చినా మిగిలేది ఏమీ లేదు. మా వీధిలో ఒకాయన అడిగితే ఆయన బిల్లు చూసి ఇదే చెప్పాను.

బ్యాటరీ లేని ఈ ఏర్పాటు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవారి భద్రత కోసం అలా కట్టారు. కాబట్టి ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఖర్చు తప్పలేదు. సోలార్ ఇన్వర్టర్‌కు మాత్రం వారంటీ అయిదేళ్లే. దాని కోసం నెలకు 300 రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను.