స్టోన్‌హౌస్‌పేట వడ్రంగి షాప్‌లో నా గిటార్ మెడ వంకర తీయించుకున్నా, 5కి 4 ఇస్తా

ముందే చెప్తున్నా, ఇది గిటార్ షాప్ కాదు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో తలుపులూ మంచాలూ చేసే మామూలు వడ్రంగి షాప్, బయట బోర్డు కూడా లేదు. ఇంట్లో సొంతంగా అకౌస్టిక్ గిటార్ చేస్తా అని కూర్చుని మెడ దగ్గర దెబ్బ తిన్నా, చెన్నై దాకా పోయే ఓపిక లేక మా మామ చెప్తే ఇక్కడికి పోయా.

చెక్కలు ఆన్‌లైన్‌లో కిట్‌గా తెప్పించా, కంపెనీ పేరు వద్దులే. పైన పలక స్ప్రూస్ అనే చెక్క, బానే ఉంది, కానీ మెడ దూరే గాడి వదులు. బోల్టులతో బిగించే రకం కదా, బిగిస్తే అదే సర్దుకుంటదిలే అనుకున్నా. బిగించి మెడ పొడవునా దారం లాగి చూస్తే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు కట్టే చెక్క) రావాల్సిన చోట మధ్యగీతకి 3 మిల్లీమీటర్లు పక్కకి పోయింది! అట్టాగే వదిలేస్తే ఒక పక్క తీగ ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) అంచు మీద నుంచి జారిపోద్ది.

పెద్దాయన చూసి "ఏంది నాయనా, వీణా?" అన్నాడు. ఆయన కొడుకైతే సందులో లప్పం కొట్టి పాలిష్ వేస్తే ఎవరికి తెలుస్తది అన్నాడు, నాకు గుండె ఆగినంత పనైంది. స్టీల్ తీగలు ఆరూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతాయి ఆచారి గారూ, లప్పం ఆగదు అని చెప్పా. అంతే, ఇంక ఆయనకి ఏం చెప్పనక్కర్లేకపోయింది.

ఆయన చేసింది చూడాలి. నీలం సుద్దముక్క తీసుకుని బాడీకి మెడ ఆనుకునే చోటంతా రుద్దాడు, మెడ నొక్కి తీశాడు, మడమ (మెడ బాడీకి ఆనే మొదలు) మీద సుద్ద అంటిన చోట్లు మాత్రమే ఉలితో వెంట్రుకవాసి గీకాడు, మళ్ళీ రుద్దాడు. తర్వాత ఉప్పు కాగితం పట్టీ ఒకటి మడమకీ బాడీకీ మధ్య పెట్టి, మెడ అదిమి పట్టుకుని పట్టీని బయటికి లాగడం, నాలుగు సార్లు లాగి దారం పట్టి చూడటం, మళ్ళీ రెండు సార్లు. అంత జాగ్రత్త ఎందుకంటే మడమ ఒక పక్క అర మిల్లీమీటర్ తీస్తే బ్రిడ్జ్ దగ్గర దాదాపు 3 మిల్లీమీటర్లు తిరుగుద్ది. వదులు గాడికి రెండు పక్కలా కాగితమంత టేకు పేడు అతికించాడు, ఇప్పుడు చేత్తో నొక్కితే దూరుద్ది, ఊపితే కదలదు.

కొలతలు మాత్రం మీరే రాసుకుని పోండి. నట్ (మెడ పై చివర తీగలు ఆనే ఎముక పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ దాకా 322.5 మిల్లీమీటర్లు ఉంది, అది తీగలో సగం కాబట్టి 645 దగ్గరే సాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) పెడదాం అంటాడు ఆయన, లెక్క కరెక్టే కానీ తీగని నొక్కినప్పుడు సాగి స్వరం పైకి పోద్ది, అందుకే 2, 3 మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి, లావు తీగల వైపు ఇంకాస్త. దీని మీద గంట వాదించుకున్నాం, టీ ఆయనే తెప్పించాడు. సాడిల్ అడుగు చదును చేయడానికి చీమకుర్తి గ్రానైట్ ముక్క మీద ఉప్పు కాగితం పరిచి రుద్దించాడు, దానంత మట్టం నా దగ్గర ఏ సామానూ లేదు.

నట్‌లో మొదటి తీగ గాడి నేనే లోతుగా కోసి పెట్టుకున్నా, ఎక్కడా నొక్కకుండా ఉత్త తీగ మీటితే జివ్వుమంటది. ఆ ఎముక పొడే గాడిలో నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేసి, ఆరాక మళ్ళీ కోసుకున్నా. దీనికి ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు.

ఒక స్టార్ ఎందుకు తీశానంటే రెండు రోజులన్నది తొమ్మిది రోజులు చేశారు. అందులో నాలుగు రోజులు వానలు, వానల్లో చెక్క ఉబ్బి ఉంటది, ఇప్పుడు బిగువుగా కుదిరిస్తే ఎండల్లో మళ్ళీ వదులే అని పెద్దాయన ముట్టుకోలేదు, అది న్యాయమే. మిగతా రోజులు ఎవరిదో పెళ్ళి మంచం. పైగా షాప్‌లో కుర్రాడు పలక మీద సుత్తి జారవిడిచాడు, గోరంత సొట్ట. నేను అరవబోతుంటే ఆచారి గారు తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె మొన అలా తాకించి తీశాడు, మూడోసారికి చెక్క ఉబ్బి పైకొచ్చింది, ఇప్పుడు వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూస్తే తప్ప కనపడదు.

మొత్తం 900 తీసుకున్నాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోతాడు, ఆ టైంలో పోవద్దు, కొడుకు లప్పం డబ్బా తీస్తాడు.