నలుపు-తెలుపు ఫొటోకి ఏ ఇంకు, ఏ సాఫ్ట్‌వేర్?

అమ్మమ్మ పాత ఫొటో స్కాన్ చేసి, ఇంట్లో ఉన్న ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్లో తీశాను. హాల్లో ట్యూబ్‌లైట్ కింద చూస్తే ముఖానికి పాచి పట్టినట్టు ఆకుపచ్చ. వరండాలోకి తెచ్చి చూస్తే అదే కాగితం మీద గులాబీ ఛాయ. ప్రింటర్ చెడిపోలేదు. అందులో గ్రే ఇంకు లేదు, అంతే. సయాన్, మెజెంటా, పసుపు కలిపి బూడిద రంగు పుట్టించాలి. ఆ కలగలుపు ఒక్కో వెలుతురులో ఒక్కోలా కనిపిస్తుంది. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ పూర్తి మందు కాదు.

కాబట్టి మొదట గ్రే ఇంకులున్న ప్రింటర్ చూసుకోవాలి. ఎప్సన్ పీ700లో పది ఇంకులుంటే అందులో నాలుగు నలుపు, బూడిద రకాలే. గ్లాసీ (మెరిసే) కాగితానికి ఒక నలుపు, మ్యాట్ (మెరవని) కాగితానికి ఇంకో నలుపు, రెంటికీ విడివిడి నాజిల్స్ (ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు). డ్రైవర్లోనే, అంటే కంప్యూటర్లో ప్రింటర్ని నడిపే సాఫ్ట్‌వేర్లోనే, 'అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్' మోడ్ ఉంటుంది. అది ప్రధానంగా బూడిద ఇంకులతో పని కానిచ్చి, ఛాయ సరిచేయడానికి మాత్రం రంగులు కొద్దిగా వాడుతుంది. ఒక చిట్కా: టోన్ మామూలుగా 'డార్కర్' మీద ఉంటుంది. నీడలు ముద్దగా వస్తుంటే ఒక మెట్టు తగ్గించండి. బడ్జెట్ తక్కువైతే ఎప్సన్‌దే ఎల్8180 ఉంది. అందులో ఒక గ్రే ఇంకు ఉంది కానీ అది డై, అంటే ద్రవంలో కరిగిన రంగు. వెలుతురుకు తట్టుకోవడంలో మంచి పిగ్మెంట్‌తో (కరగని రంగు రేణువుల ఇంకుతో) పోటీపడలేదు.

ఇక రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్. ఇది ప్రధానంగా ఎప్సన్ ప్రింటర్ల కోసం. తెలుపు నుంచి నలుపు దాకా ఏ మెట్టులో ఏ ఇంకు ఎంత పడాలో మీరే కర్వ్ (గ్రాఫ్ గీత) గీసి చెప్పొచ్చు. 21 గడుల పట్టీ ప్రింట్ చేసి, ఒక్కో గడి సాంద్రత (ఎంత ముదురుగా ఉందో) కొలిచి, కర్వ్ సవరించి, మళ్లీ ప్రింట్ తీయాలి. ఓపిక ఉన్నవాళ్లకు పండగే. కొలిచే పరికరం లేకపోతే, నా మాట వినండి, డ్రైవర్ మోడ్‌తోనే కానిచ్చేయండి.

జాన్ కోన్ తెచ్చిన పీజోగ్రఫీ అనే ఇంకుల పద్ధతి దారి వేరు. రంగు ఇంకులు తీసేసి, వాటి స్థానంలో రకరకాల సాంద్రతల బూడిద ఇంకులు నింపుతారు. చుక్కలు కనబడవు, మెట్లు కనబడవు. కానీ ఇక ఆ ప్రింటర్ కలర్ ఫొటోలకు పనికిరాదు. పైగా దాన్ని తరచూ నడపాలి. ఇలాంటి బూడిద ఇంకే, కార్బన్‌తో చేసింది, వేరేచోట కొని పాత ప్రింటర్లో పోసి, వేసవిలో నెల్లాళ్లు ఊరెళ్లాను. తిరిగొచ్చి నాజిల్ చెక్ (రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూసే పరీక్ష ప్రింట్) వేస్తే కాగితం మీద సగం గీతలు లేవు. క్లీనింగ్ మీద క్లీనింగ్ చేసి ఇంకు అంతా వేస్ట్ ట్యాంకులోకి పంపించాను తప్ప, ఇంకు ఎండి మూసుకుపోయిన హెడ్ తెరుచుకోలేదు.

అమ్మమ్మ ఫొటో చివరికి స్నేహితుడి పీ700లో, మ్యాట్ కాగితం మీద, డ్రైవర్ మోడ్‌లోనే తీశాను. నల్లచీర మడతల్లో ఇన్నాళ్లూ కనబడని సన్నంచు కనబడింది. ట్యూబ్‌లైట్ కింద కూడా బూడిద బూడిదలాగే ఉంది.