నాసిక్ వైట్ వైన్, మా ఇంటి సర్వప్ప

నాసిక్‌లోని సూలా కంపెనీ వాళ్ల సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్ నాలుగేళ్లుగా తాగుతున్నాను, నెలకు ఒక సీసా, హన్మకొండలో మా ఇంట్లోనే. సీసా మీద రాసి ఉండే సంగతుల జోలికి పోను. నన్ను పట్టేసింది దాని పులుపు ఒక్కటే. గుటక మింగాక నాలుక పక్కల నీళ్లూరతాయి, ఉప్పద్దిన దోర జామకాయ కొరికినప్పటిలా.

మొదటి సీసా బిర్యానీతో తాగి, ఇదేం రుచి అని ఫ్రిజ్‌లో పెట్టేశాను. మర్నాడు సాయంత్రం ముసురు పట్టింది, మా ఆవిడ సర్వప్ప పెట్టింది. పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి కలిపిన బియ్యప్పిండిని గిన్నె లోపల పలచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె వదిలి, మూతపెట్టి సన్నమంట మీద అడుగు ఎర్రబడేదాకా కాల్చింది. ఆ వేడి ముక్క నములుతూ, పల్లీలు పంటికింద పడుతుండగా ఒక గుక్క చల్లటి వైన్ తాగాను. నోట్లో నూనె జిడ్డు అంతా పోయింది, నువ్వుల కమ్మదనం మాత్రం ఉండిపోయింది, చెయ్యి దానంతటదే ఇంకో ముక్క మీదికి పోయింది. అంతకుముందు రోజు పచ్చి క్యాప్సికం వాసనని విసుక్కున్నది ఇదే వైన్, కరివేపాకు తగిలేసరికి ఆ పచ్చివాసనే హాయిగా ఉంది. వాసన చూసి వద్దన్న మా ఆవిడ కూడా రెండు గుక్కలు తాగి "ఇంకింత పొయ్యి" అని గ్లాసు చాపింది.

ఇక అప్పటినుంచి మన తిండికి ఇదే వైన్ అని మా బావతో సహా కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. నాటుకోడి కూరతో తాగితే గొంతు మండిపోయింది, కారానికి ఆల్కహాల్ తోడైతే మంట పెరుగుతుంది. చేపల పులుసుతో అయితే చింతపండు ముందు వైన్ పులుపు ఆనలేదు, చప్పగా ఉంది. కొర్రమీను వేపుడుకి మాత్రం బాగుంది, అదీ చపాట మిర్చి పొడి వేస్తేనే. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటే, రంగు దండిగా ఉంటుంది, కారం తక్కువ.

చల్లదనం కూడా 8 నుంచి 10 డిగ్రీలు ఉండాలి. మన ఎండాకాలంలో గ్లాసు నిండా పోస్తే సగం తాగేలోపే వెచ్చబడి ఆల్కహాల్ ఘాటు పైకొస్తుంది, అందుకే నాలుగు గుక్కలకు సరిపడానే పోసుకుంటాం, సీసాని ఐసు కలిపిన నీళ్ల బకెట్‌లో ఉంచుతాం. ఉత్త ఐసు ముక్కల్లో కంటే నీళ్లు కలిపితే త్వరగా చల్లబడుతుంది. ఒకసారి మే నెలలో ఒక షాపులో ఎండ పడే అద్దాల పక్కన నిలబెట్టిన సీసా తెచ్చాను, ఉడికిన ఆపిల్ వాసన వచ్చింది, పారబోశాం. ఇప్పుడు లోపలి అరలోది ఇమ్మని అడిగి తీసుకుంటున్నాను.

ఇంట్లో తాగేది మేమిద్దరమే, ఆవిడది అర గ్లాసు. మూత తీశాక మూడో రోజుకి వాసన సగం పోతుంది. నలుగురున్న ఇంట్లో ఈ ఇబ్బంది ఉండదేమో. నేనైతే పొద్దున సర్వప్ప కోసం బియ్యప్పిండి డబ్బా బయటికొచ్చిన రోజే సీసా కొనుక్కొస్తున్నాను.