గ్యాస్ పైపు: సముద్రం అడుగునా, నేలలోనా, అసలు పైపే వద్దా?

2022 సెప్టెంబర్ 26న బాల్టిక్ సముద్రంలో డెన్మార్క్‌కు చెందిన బోర్న్‌హోమ్ దీవి దగ్గర నీళ్లు ఎసరు మరిగినట్టు పైకి పొంగాయి. బుడగలు లేచిన చోటే దాదాపు కిలోమీటరు వెడల్పు. అడుగున పేలుళ్లు జరిగి, రష్యా నుంచి జర్మనీకి గ్యాస్ తెచ్చేందుకు వేసిన నార్డ్ స్ట్రీమ్ పైపుల నాలుగు లైన్లలో మూడు పగిలాయి. అప్పటికి సరఫరా కూడా లేదు, పైపుల్లో గ్యాస్ ఊరికే నిండి ఉందంతే. అది ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. గాల్లో కలిసిన మీథేన్ సుమారు 4.65 లక్షల టన్నులని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చారు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు 80 రెట్లు.

నన్నడిగితే మాత్రం, సముద్రపు పైపుతో పగిలే రోజుకన్నా వేసే రోజులే ఎక్కువ టెన్షన్. బాల్టిక్ అడుగు ఖాళీ ఇసుక కాదు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి మైన్లు ఫిన్లాండ్ సింధుశాఖలో ఇంకా ఉన్నాయి. బోర్న్‌హోమ్ తూర్పున రసాయన ఆయుధాలనే పారబోశారు. పైపుకు దారి కావాలంటే మైన్లను పేల్చాలి, ఆ దెబ్బకు సీళ్ల చెవులు పోతాయి. అందుకే నార్డ్ స్ట్రీమ్ రెండో జత పైపులు వేసేటప్పుడు, శబ్దం తగ్గేలా చుట్టూ బుడగల తెర కట్టి పేల్చారు. ఇక బురద కదిలితే అందులో పేరుకున్న ఫాస్ఫరస్, భారలోహాలు పైకి లేస్తాయి. వేసవి వస్తే నాచుతో పచ్చబడే సముద్రమది, దానికిది అదనపు మేత.

నేల పైపు సంగతి వేరు. చెట్లు కొట్టాలి, నదులు దాటించాలి, గ్యాస్‌ను ముందుకు నెట్టే కంప్రెసర్లు దారి పొడుగునా పెట్టాలి. కానీ మధ్యమధ్యలో వాల్వులుంటాయి, లీకైన ముక్కను కట్టేయొచ్చు. అలాగని ఇది క్షేమమని కోనసీమ వాళ్ల దగ్గర అనకండి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. సముద్రం మధ్య పైపు పక్కన ఊరుండదు, ఇళ్లుండవు. ఈ ఒక్క విషయంలో దానికే నా ఓటు.

మూడోది ఓడ. గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేయాలి. అందుకు బోలెడు కరెంటు, ఇంధనం ఖర్చు. మళ్లీ ఓడ ప్రయాణానికి వేరే. రోజువారీ కాలుష్యంలో మూడింటిలో ఇదే అధ్వానం. జర్మనీ విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో 2022 డిసెంబర్‌లో పెట్టిన తేలే టెర్మినల్ (ద్రవాన్ని మళ్లీ గ్యాస్ చేసే ఓడ) నుంచి క్లోరిన్ కలిసిన నీళ్లు సముద్రంలోకి వెళ్తున్నాయని గొడవ కూడా అయింది.

అయినా గ్యాస్ అవసరం పది పదిహేనేళ్లే అయితే ఓడకే మొగ్గుతాను. యాభై ఏళ్లకు సరిపడా పైపు వేస్తే యాభై ఏళ్లు గ్యాస్ కొనక తప్పదు. నిజంగా అన్నేళ్లు కావాలంటే, ఊళ్లకు దూరంగా నేల పైపు. బాల్టిక్ లాంటి చెత్త పేరుకున్న సముద్రానికి ఆఖరి స్థానం.

పగిలిన పైపులు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిలో ఒకదాని నోటికి బిరడా బిగించుకోవడానికి డెన్మార్క్ 2025 జనవరిలో అనుమతి ఇచ్చింది. తేలే టెర్మినలైతే తాళ్లు విప్పి ఇంకో రేవుకు తీసుకుపోయేవారు.