రిఫ్ట్ లోయ నీటికి ఏది మేలు: నల్గొండ పద్ధతా, ఎముకల బొగ్గా?

తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో చాలాచోట్ల బోరు నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అగ్నిపర్వత శిలల నుంచి వాటిలో కలిసిన ఫ్లోరైడ్ మాత్రం కంటికి కనబడదు. ఇథియోపియా, కెన్యా, టాంజానియా పల్లెల్లో పిల్లల పళ్లకు గోధుమరంగు గార, పెద్దలకు బిగుసుకుపోయిన కీళ్లు దాని పుణ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు సరికదా, ఇంకా చిక్కబడుతుంది.

అక్కడ వాడి చూసిన విరుగుళ్లలో ఒకటి మన జిల్లా పేరు మీదే ఉంది. నల్గొండ పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. టాంజానియాలోని అరూషా ప్రాంతంలో దాన్ని రెండు బకెట్ల పనిగా మార్చారు. 20 లీటర్ల నీళ్లలో పటిక, సున్నం వేసి, ముందు జోరుగా, తర్వాత నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. మడ్డి అడుగుకు దిగాక తేటను రెండో బకెట్‌లోకి వదలాలి. సరుకు చవకే. కానీ ఆ కొలత రోజూ తప్పకుండా వేయాల్సింది అప్పటికే దూరం నుంచి నీళ్లు మోసి అలసిపోయిన ఇల్లాలు. ఇంతా చేస్తే, లీటరుకు 8 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ 2 దగ్గరే ఆగిపోయేది, హద్దుకు లోపలికి దిగేది కాదు.

ఎముకల బొగ్గు తీరు వేరు. పశువుల ఎముకలను గాలి అంతగా తగలని బట్టీలో కాల్చి, నలగ్గొట్టి, కడిగి ఫిల్టర్‌లో నింపుతారు. కెన్యాలో నకూరు కాథలిక్ డయోసిస్ (అక్కడి చర్చి మండలం) దీన్ని తయారుచేసి వాడుకలోకి తెచ్చింది. ఇంట్లోవాళ్లు నీళ్లు పోస్తే చాలు, బొగ్గుకు సత్తువ ఉన్నంతకాలం ఫ్లోరైడ్ హద్దుకు లోపే ఉంటుంది. కాల్చడం సరిగా కుదరకపోతే నీళ్లు వాసన వేస్తాయి. ఎముకలంటే అభ్యంతరం ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి ఊరివాళ్లను అడగకుండా బిగించకూడదు. అసలు ప్రమాదం మరొకటి: బొగ్గు సత్తువ అయిపోయినా నీరు అంతే తేటగా వస్తుంది, పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

అయినా నా మొగ్గు ఎముకల బొగ్గుకే. అయితే నీరు పరీక్షించి, బొగ్గు మార్చే మనిషికి జీతం ఎవరిస్తారో ముందే తేలాలి. అందుకే ఇంటికో ఫిల్టర్ కంటే ఊరికంతటికీ ఒక్క పెద్ద ఫిల్టర్ నయం, పరీక్షించాల్సిన చోటు ఒక్కటే అవుతుంది.

అందుబాటులో ఫ్లోరైడ్ తక్కువున్న నదో ఊటో ఉంటే మాత్రం ఈ రెండూ వద్దు, పైపులు వేయాలి. నల్గొండ పల్లెలకు చివరికి ఊరట తెచ్చింది పైపుల్లో వచ్చిన కృష్ణా నీరే. పైపులు వచ్చేదాకా వడకట్టిన నీటిని తాగడానికి, వంటకు మాత్రమే వాడి, స్నానానికి, బట్టలకు బోరు నీళ్లే వాడితే బొగ్గు ఎక్కువ కాలం పనిచేస్తుంది.