మూడేళ్లు కూర్చున్నాక చెబుతున్నా: బ్యాటరీ వీల్‌చైర్, దాని వారంటీ

ఈ వీల్‌చైర్ కొని మొన్న నవంబరుకి మూడేళ్లు నిండాయి. కొన్న వారంలో జనం రాసే రివ్యూలు చదివే నేనూ కొన్నాను. వాటిలో ఒక్కరూ వారంటీ ఊసెత్తలేదు. అందుకే ఇది రాస్తున్నా.

నాకు చిన్నప్పుడే పోలియో. కావలిలో జిరాక్స్ షాపు నడుపుతున్నా, ఇంటికీ షాపుకీ కిలోమీటరున్నర దూరం. చెన్నై డీలర్ దగ్గర 84 వేలు పెట్టి తెప్పించుకున్నాను.

బండిగా మంచిదే. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నా నడుము పట్టేయదు. ముందు చక్రాలు చిన్నవి, ఇసుకలో దిగబడతాయి. తుమ్మలపెంట బీచ్‌కి తీసుకెళ్లి నలుగురి చేత మోయించుకున్నాను, అది బండి తప్పేం కాదులెండి. బ్యాటరీలకు ఆరు నెలలే వారంటీ. పద్నాలుగో నెలలో పోయాయి, కొత్తవి కొనుక్కున్నాను. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, ముందే కార్డులో రాసి ఇచ్చారు.

అసలు గొడవ మోటారుతో. దానికి ఏడాది వారంటీ. తొమ్మిదో నెలలో జాయ్‌స్టిక్ ముందుకు నెడితే బండి ఎడమకి లాగడం మొదలైంది. ఒక సాయంత్రం ట్రంకు రోడ్డు దాటుతుంటే నడిరోడ్డు మీద గుండ్రంగా తిరిగింది. టీ కొట్టు కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "యాడికి పోతుందన్నా నీ బండి?" అంటూ చక్రాలను మోటారు నుంచి విడిపించే వెనక లీవర్లు లేపి పక్కకు తోశాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే, "చెన్నై పంపండి సార్, రానూపోనూ ఖర్చు మీదే" అన్నారు. బండి చెన్నైలో ఉంటే నేను మంచం మీద ఉండాలి, షాపు షట్టర్ కింద ఉండాలి. పట్టుబడితే 19 రోజులకి మెకానిక్‌ని పంపారు. అతను ఎడమ మోటారు వెనక మూత విప్పి చూపించాడు. బ్రేకు పళ్లెం మీద ఎర్రగా తుప్పు. "సముద్రం గాలి అన్నా, దీనికి వారంటీ రాదు" అని గరుకు కాగితంతో రుద్ది, 1,500 తీసుకుని వెళ్లిపోయాడు. జాబ్ షీట్, అంటే ఏం రిపేరు చేశారో రాసిచ్చే కాగితం, అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

అదే మోటారు మళ్లీ మొరాయించేసరికి ఏడాది దాటి ఐదు రోజులు. కంపెనీవాళ్లు, "మా రికార్డులో మీ నుంచి ఇదే మొదటి కంప్లైంటు" అన్నారు. నా దగ్గరున్నదల్లా మెకానిక్‌కి ఫోన్‌లో కొట్టిన 1,500 రసీదు, బండి గుండ్రంగా తిరుగుతుంటే మా ఆవిడ తీసి వాళ్లకు వాట్సాప్‌లో పంపిన వీడియో. రెండింటి మీదా తేదీలున్నాయి. చివరికి నన్ను నిలబెట్టినవి అవే.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. వాళ్లు కంప్లైంటు నమోదు చేసి కంపెనీకి పంపుతారు, అంతే. ఆర్డరు వేసే అధికారం వాళ్లకు లేదు. అయినా నాలుగు రోజుల్లో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మోటారు సగం ధరకిస్తామన్నారు.

అప్పుడు లా చదివిన మా మేనల్లుడు వారంటీ కార్డు మొత్తం చదివాడు. నీళ్లలో మునిగితే వర్తించదని ఉంది. గాలి అన్న మాట ఎక్కడా లేదు! బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర చూసి నేను ముందే నీరుగారిపోయి ఉన్నాను. లోపమున్న వస్తువు వెనక్కి తీసుకోకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చిందని, ముద్ర వేసినంత మాత్రాన అది చెల్లదని వాడు చెప్పాడు. డీలర్ చెన్నైలో ఉన్నా, నేనుండే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చట. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. లాయరు ఉండి తీరాలనేం లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. షాపు మూతపడిన రోజులకీ నష్టపరిహారం అడగొచ్చు.

ఇవన్నీ రాసి, రసీదు, వీడియోలోని ఫొటోలు జతచేసి 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. పాడైంది వారంటీ ఉండగానే, రుద్ది వదిలేసింది మీ మనిషే అన్నది ఒక్కటే నా వాదన. పదమూడో రోజున కొత్త మోటారుతో అదే మెకానిక్ వచ్చాడు. ఈసారి నేను అడగకముందే జాబ్ షీట్ తీశాడు.

1,500 మాత్రం తిరిగి రాలేదు. మూతపడిన రోజుల పరిహారమూ లేదు. కేసు వేసి ఉంటే వచ్చేవేమో. వాయిదాల టెన్షన్ పడే ఓపిక లేక వదిలేశాను.

బండికి ఐదుకి నాలుగు చుక్కలు, సర్వీసుకి ఒకటి. కొనబోయేవాళ్లు ఒకటి అడగండి: రిపేరు వస్తే మెకానిక్ ఇంటికొస్తాడా, బండి వాళ్ల దగ్గరున్నన్నాళ్లు ఇంకో బండి ఇస్తారా? ఏం చెప్పినా బిల్లు మీదే రాయించుకోండి.

గత వారం నుంచి కుడి మోటారు కీచుమంటోంది. దీనికి వారంటీ ఎప్పుడో అయిపోయింది, సొంత డబ్బే పెట్టుకోవాలి. అయినా అలవాటు కొద్దీ వీడియో తీసి పెట్టాను.